సారాంశం చెబితే చాలు

ప్రాణనష్టం సంభవించే అవకాశం అనుమతించదగిన పరిమితికి లోబడే ఉంది, అని మైకులో చెప్పి సుధామణి చేతిరుమాలుతో పెదాలు తుడుచుకుంది. ఆ మాట తనది కాదు, పక్క కుర్చీలో ఉన్న, సభకి చైర్మన్‌గా వచ్చిన ఢిల్లీ అధికారిది, ఆయన ఇంగ్లీషులో అన్నాడు, తను తెలుగులో అంది, అంతే. ఈ పనికి ఉన్న నియమమే అది, ఎదుటివాళ్ళు నేను అంటే తనూ నేను అనాలి, ఆయనగారు ఇలా అంటున్నారు అని పక్కకి తప్పుకోకూడదు, మనిషి లేనట్టే ఉండాలి, గొంతు మాత్రం ఉండాలి. రొయ్యల మేత కంపెనీకి చేసింది, విత్తనాల వాళ్ళకి చేసింది, ఎవరి మాటా నోట్లో మిగల్లేదు. ఇవాళ మిగులుతోంది. విరిగిన పాలు గుటక వేసినట్టు నాలుక వెనక జిడ్డుగా ఏదో పట్టుకుని వదలడం లేదు. అనుమతించదగిన. ఎవరు అనుమతించారు? ముందు వరసలో కూర్చుని ఉంది కొండలమ్మ. చావడానికి ఆమె మొగుడు ఎవరికైనా అనుమతి ఇచ్చాడా?

హాలంతా మల్లెపూల సెంటు. నిజం మల్లె కాదు, డబ్బాలోంచి కొట్టే మల్లె. బెంజి సర్కిల్ దగ్గర హోటల్ ఇది, నిన్న ఇదే హాల్లో ఎవరిదో ఓణీల ఫంక్షన్ జరిగినట్టుంది, వేదిక వెనక గోడ మీద థర్మోకోల్ అక్షరాలు పీకేసిన జిగురు మచ్చలు, కుర్చీల కింద నలిగిన చామంతులు, కార్పెట్‌లోకి ఇంకిన బిర్యానీ నూనె, వాటన్నిటి మీదా ఈ సెంటు. వాసన వస్తోందని కాదు, వస్తుందేమోనని కొట్టారు. దివిసీమ చివర చినదిబ్బపాలెం నుంచి బస్సులో తెచ్చిన మనుషులు కదా వీళ్ళు, చేపలు పట్టేవాళ్ళు కదా, అధికారులు ఇబ్బంది పడతారేమోనని. పొద్దున బస్సు దిగినవాళ్ళని రాకెట్ కంపెనీ జయకృష్ణ గుమ్మం దగ్గరే ఆపి, ఒక్కొక్కరి నెత్తిన రాకెట్ బొమ్మ ఉన్న తెల్ల టోపీ పెడుతుంటే, హోటల్ కుర్రది వెనకనించి గాలిలోకి బుస్సు బుస్సుమని సెంటు కొడుతూనే ఉంది. అమ్మ గుర్తొచ్చింది. కంకిపాడు సంతకి చేపల గంపతో బస్సెక్కితే కండక్టరు వెనక సీటుకి పొమ్మనేవాడు, అమ్మ నవ్వుతూ పోయేది, ఆ నవ్వు చూడలేక తను కిటికీ వైపు తిరిగేది. కాలేజీలో ముక్కు మూసుకున్న ఆడపిల్లల కంటే ఎక్కువగా తనే తన చేతులు వాసన చూసుకునేది. ఆ వాసన నుంచి పారిపోవడానికే కదా ఇంగ్లీషు నేర్చుకుంది. ఎక్కడికి వచ్చింది పారిపోయి? ఈ డబ్బా మల్లెల్లోకి.

జయకృష్ణ కంపెనీ తరఫు మనిషి. తెల్ల చొక్కా, మెడలో కార్డు, కంకిపాడు రైతు కుటుంబం, ఎప్పుడూ నవ్వు మొహం. పొద్దున కాఫీ తనే తెచ్చి ఇచ్చాడు. "మేడమ్ గారూ, మొత్తం వీడియో రికార్డవుతుందండీ. మా కంపెనీ రెండో రాకెట్ ప్రయోగానికి అనుమతి ఇచ్చే ముందు తీరంలో ఉండేవాళ్ళ మాట వినాలని షరతు పెట్టారు, దానికే ఈ సభ. ఆ కొండలమ్మగారని ఉన్నారు, పాపం భర్త పోయాడు, కొంచెం ఎమోషనల్ అండీ. ఆవిడ ఏదేదో మాట్లాడతారు. మీరు సారాంశం చెబితే చాలు." పాపం అన్నాడు, అంటూనే కాఫీ మీద మీగడ వేలితో తీసి సాసర్ అంచుకి రాశాడు. ఆ మీగడ ముక్క ఇంకా కళ్ళముందు ఆడుతోంది, ముడతలు పడి, తెల్లగా.

సభ ఊళ్ళో ఎందుకు పెట్టలేదని తను అడిగింది. భద్రతా కారణాలండీ అన్నాడు. ఎవరి భద్రత?

కంపెనీ డైరెక్టరు లేచాడు. హైదరాబాదులో ఉంటాడు, ఊరేదో తెలీదు, ఇంగ్లీషు మెత్తగా మాట్లాడతాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. సుధామణి మైకు దగ్గరికి జరిగింది. నేను కూడా ఒక తండ్రినే, అంది. పోలరాజుగారి మరణం నన్ను నిద్రపోనివ్వడం లేదు, అంది. ఈ దేశంలో ప్రైవేటు రంగం ఆకాశంలోకి అడుగుపెడుతున్న తొలి రోజులివి, మొదటి అడుగులు తడబడతాయి, అంది. తను అంటూ ఉంటే ముందు వరసలో కొండలమ్మ తననే చూస్తోంది, డైరెక్టరుని కాదు. మాట ఎక్కణ్ణించి వస్తే అటే చూస్తారు మనుషులు. ఆ చూపు కింద, గుండె మీద చెయ్యి పెట్టుకున్నది తనే అనిపించింది, తడబడిన అడుగు పోలరాజు గొంతు మీద వేసిందీ తనే అనిపించింది. మా సంస్థ ప్రమాణాలన్నీ పాటించింది. సముద్రంలో ప్రమాద ప్రాంతమని గీతలు గీసి ముందే ప్రకటించింది. మత్స్యకారుల ఫోన్లకి సందేశాలు పంపింది. పంపారు, నిజమే, ఇంగ్లీషులో పంపారు. ఆ గీతలు నీళ్ళ మీద గీశారు, నీళ్ళకి చెప్పారో లేదో.

పోలరాజు గీత దాటలేదు. గీతే అతన్ని దాటి వచ్చింది. ఆ తర్వాత టీ విరామంలో కొండలమ్మ ఆడవాళ్ళ బాత్రూంలో చేతులు కడుక్కుంటూ చెప్పింది, అద్దంలో తనని చూస్తూ, ఎవరో పొరుగింటి సంగతి చెప్పినట్టు. రాకెట్టు పైకి లేచి వంకరపోయి పేలిన రోజు ఊరంతా ఒడ్డున నిలబడి చూశారట, పిల్లలు చప్పట్లు కొట్టారట, అదీ అందులో భాగమేమో అనుకుని. కొన్నాళ్ళు వేటకి పోవద్దన్నారు, పోలేదు. పొమ్మన్నాక పోయారు. గీతకి ఎంతో ఇవతల, ఎప్పుడూ వల వేసే చోటే, వల బరువెక్కింది. గుండ్రంగా, వెండి బిందెలా మెరుస్తూ ఓ ట్యాంకు. రాకెట్‌ని గాలిలో అటూ ఇటూ తిప్పడానికి వాడే మందు అందులో ఇంకా మిగిలి ఉందని ఎవరికి తెలుసు? వల చిరక్కుండా విడదీద్దామని పోలరాజు వంగాడు. బుస్ మంది. "చేప కుళ్ళిన వాసన వచ్చిందంటమ్మా," అంది కొండలమ్మ. "వల్లో చచ్చిన చేపేదో ఉంది కాబోలనుకుని ఇంకా వంగాడంట. మాకు ఆ వాసనంటే బయం ఏముంటది చెప్పు?"

ఆ మాట విన్నాక తను కుళాయి తిప్పి నోరు పుక్కిలించింది, ఎందుకో తెలీకుండానే.

హాల్లోకి తిరిగొస్తే స్నాక్స్ పెడుతున్నారు, అపోలో ఫిష్, టూత్‌పిక్కులు గుచ్చి. ఎవరికి తట్టిందో ఆ ఆలోచన. పాలెం మనుషులకి పాలెం చేపే నూనెలో ముంచి, ఎర్రరంగు పూసి, కాగితం పళ్ళేల్లో. కొండలమ్మ ముందు పెట్టిన పళ్ళెం అలాగే ఉంది. కంపెనీ లాయరు తింటున్నాడు, తింటూనే మైకు తీసుకున్నాడు, పెదవి అంచున ఎర్రనూనె. సదరు ట్యాంకు ఎక్కడ పడినా, ఎప్పుడు దొరికినా, దాని యాజమాన్యం కంపెనీదే, అని తన నోటితో చెప్పించాడు. దాన్ని తాకడం, కదపడం, తెరవడం అనధికారిక చర్య. పోలరాజు పరాయి ఆస్తిని ముట్టుకున్నాడన్నమాట. ఇనప ముక్క పేలిపోయినా, సముద్రంలో కొట్టుకుపోయినా, దానికి యజమాని ఉన్నాడు. దాన్ని వల్లోంచి విడదీసిన మనిషికే ఎవరూ లేరు. సుధామణి తర్వాతి వాక్యం చెప్పింది. ఎంత బాగా చెబుతోంది తను. ఒక్క అక్షరం తడబడలేదు. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో పిల్లలకి చెబుతుంది కదా, స్పష్టంగా, నవ్వు మొహంతో పలకండి అని. మురుగు కూడా ఇలాగే, పైపు నున్నగా ఉంటే ఎక్కడా ఆగదు.

కొండలమ్మ చెయ్యెత్తింది. వంతు రాకుండానే లేచింది. "అయ్యా, నాకొక్కటి చెప్పండి. మా ఆయన చావుకి పూచీ ఎవరిది?"

సుధామణి ఇంగ్లీషులో అడిగింది. చైర్మన్ కళ్ళజోడు తీశాడు. మంచివాడిలాగే ఉన్నాడు, నెరిసిన జుట్టు, అలసిన కళ్ళు, అలాంటివాళ్ళంటేనే ఎక్కువ అసహ్యం వేస్తోంది ఇవాళ, చెడ్డవాడైతే కనీసం చూపు పక్కకి తిప్పుకునేవాడు. ఆయన ఓపిగ్గా వివరించాడు, సుధామణి ఓపిగ్గా తెలుగు చేసింది. మన దేశం నుంచి ఎగిరిన వస్తువు మరో దేశం పౌరుడి మీద పడితే, మరో దేశం పడవని ముంచితే, ఎగరేసింది ప్రైవేటు కంపెనీ అయినా సరే, అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మన ప్రభుత్వమే పూచీ. సొంత పౌరులకి ఆ ఒప్పందం వర్తించదు. దానికి మన దేశంలో ప్రత్యేకంగా చట్టం రావాలి. ముసాయిదా పరిశీలనలో ఉంది. ఈలోగా మామూలు కోర్టులు ఎలాగూ ఉన్నాయి.

కొండలమ్మ కూర్చోలేదు. "అంటే మా ఆయన సిలోను పడవలో ఉండుంటే, అడిగేవోళ్ళు ఉండేవోళ్ళా?"

సుధామణి అది కూడా చెప్పింది. చైర్మన్ కళ్ళజోడు తుడుచుకుంటూ ఒక్క మాట అన్నాడు. ఆ మాటని సుధామణి వెంటనే తెలుగు చెయ్యలేకపోయింది. మాట తెలీక కాదు. "సాంకేతికంగా చూస్తే," అంది, ఆగి, "అవును."

హాలు వెనక ఎవరో నవ్వారు, నవ్వు కాదు, గాలి వదిలారు. మన సముద్రం, మన రాకెట్టు, మన జెండా దాని పొట్ట మీద, అందుకే మన మనిషికి ఏమీ లేదు. పరాయివాడైతే మనిషి. ఇంత శుభ్రంగా, ఇంత మర్యాదగా చెప్పగలిగారు ఈ సంగతి, మంచినీళ్ళ సీసాల మధ్య, పూలగుత్తి పక్కన. తన దేశం మీద తనకింత రోత పుట్టడం కొత్తగా ఉంది. భయంగా కూడా ఉంది. చిన్నప్పుడు బడిలో రాకెట్ బొమ్మ వేస్తే మొదటి బహుమతి ఇచ్చారు తనకి. ఆ బొమ్మలో కింద సముద్రం వేసింది, నీలంగా, ఖాళీగా. పడవలు వెయ్యలేదు.

ఊరి పెద్ద నాగబాబు లేచాడు. కంపెనీ ఊళ్ళో ఐస్ ప్లాంటు పెట్టిస్తానందని అందరికీ తెలుసు. టోపీ సర్దుకున్నాడు. "దేశం ముందుకి పోతందండీ, మనం అడ్డం పడకూడదండీ. పోలరాజు నాకు తమ్ముడి వరసే. పోయినోణ్ణి ఎవురూ తేలేరు. మా ఊరోళ్ళందరం ఒప్పుకుంటన్నాం." చెబుతున్నంతసేపూ నేలకేసే చూశాడు. అతన్ని అసహ్యించుకుందామనుకుంది సుధామణి, కుదరలేదు. పట్టిన చేప పట్టినట్టే కుళ్ళిపోతుంటే చూసినవాడు ఐస్ అడుగుతాడు, అడగడా? ఆ ఆశని పట్టుకుని ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చి మైకు ముందు నిలబెట్టినవాళ్ళున్నారే, చప్పట్లు కొడుతున్నారు.

ఇక కొండలమ్మ వంతు. మైకు అక్కర్లేదంది. జయకృష్ణ సుధామణి వెనకకి వచ్చి నిలబడ్డాడు, సెంటు వాసన ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు. "సారాంశం మేడమ్," అన్నాడు చెవిలో. కొండలమ్మ మాట్లాడింది. ఏడవలేదు. సుధామణి నోరు తెరిచింది, ఒకే వాక్యంలో అయిపోయేది, ఆమె భర్తని కోల్పోయింది, న్యాయం కోరుతోంది, అందరూ తలలు ఊపేవారు. కానీ నియమం నేను కదా. ఇందాక తండ్రినే అని డైరెక్టరు అన్నప్పుడు నేను అంది కదా, గుండె మీద చెయ్యి పెట్టుకున్నప్పుడు అంది కదా. సుధామణి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నా మొగుడు ఒడ్డుకి నడిచే వచ్చాడు. కళ్ళు మండుతున్నాయన్నాడు, అన్నం తిన్నాడు, తిన్నది కక్కాడు. పొద్దుపోయేసరికి ఊపిరి పీలిస్తే లోపల నీళ్ళు గలగలమన్నాయి. సముద్రంలో పుట్టి పెరిగినవాడు మంచం మీద మునిగిపోయాడు. నోట్లోంచి నురగ వస్తుంటే నా చీర కొంగుతో తుడిచాను, తుడిచేకొద్దీ వచ్చింది, గులాబీ రంగులో వచ్చింది. ఆస్పత్రిలో ఏం మందు పీల్చాడో చెప్పమన్నారు, కంపెనీకి ఫోన్ చేస్తే అది రహస్యమన్నారు. రహస్యం నా మొగుడి ఊపిరితిత్తుల్లో ఉంది, బయటపెట్టడానికి మీకు అనుమతి లేకపోయింది.

చైర్మన్ చెయ్యెత్తాడు. క్లుప్తంగా చెప్పమన్నాడు. "ఇది నేను మాట్లాడడం లేదు సర్," అంది సుధామణి, "ఆవిడ మాట్లాడుతోంది, ఇంకా అవలేదు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. జయకృష్ణ మెడ వెనక ఊపిరి వదిలాడు, వెచ్చగా తగిలింది, తుడుచుకోవాలనిపించింది. కొండలమ్మ ఆగలేదు, తిట్టింది, ఒడ్డున వల లాగేటప్పుడు తిట్టే తిట్లు, వాళ్ళ అమ్మల్ని తిట్టింది, వాళ్ళు తిన్న తిండిని తిట్టింది. ఆ తిట్లకి ఇంగ్లీషు వెతుక్కుంటూ ఒక్కొక్కటే పెట్టింది సుధామణి, ఏదీ వదల్లేదు. నాలుక వెనక జిడ్డు మెల్లగా కరుగుతున్నట్టనిపించింది. ఇవాళ పొద్దుటినుంచీ తన నోట్లోంచి వచ్చినవాటిలో శుభ్రమైన మాటలివే.

కొండలమ్మ కూర్చుంది. చైర్మన్ పక్కనున్న స్టెనోకి ఇంగ్లీషులో చెప్పి రాయించాడు. మామూలుగా, రోజూ చేసే పనిలాగా. రాయడం అయ్యాక సుధామణి వైపు తిరిగాడు. సభ ముగించే ముందు నమోదైన విషయాన్ని స్థానిక భాషలో వినిపించి, హాజరైనవారి చేతులెత్తించి ఆమోదం తీసుకోవాలి, షరతుల్లో అదీ ఉంది. జయకృష్ణ వంగి నవ్వుతూ, "మీరు చెప్పినవన్నీ రాసుకున్నారు, సరేనంటే చేతులెత్తండి, అనండి మేడమ్. సింపుల్," అన్నాడు.

సింపులే. చేతులెత్తుతారు, ఎత్తమంటే ఎత్తే అలవాటు. ఆటోలో ఇంటికి పోయి, తలంటి పోసుకుని, రేపు క్లాసులో పిల్లలకి విచారానికీ సంతాపానికీ ఇంగ్లీషు మాటల్లో తేడా చెబుతుంది. మళ్ళీ పిలుస్తారు, బాగా చేశారంటారు. స్టెనో తన ముందుకి జరిపిన ల్యాప్‌టాప్ తెర మీద ఇంగ్లీషు అక్షరాలు, చీమలు పట్టినట్టు. చేపల గంప పక్కన నిలబడి అమ్మ ఎన్నిసార్లు అడిగింది, ఆ బోర్డు మీద ఏముందో చదివి చెప్పవే అని. చదివి చెప్పడమే కదా. ఇంతకంటే చిన్న పని ఏముంది లోకంలో.

సుధామణి మైకు తీసుకుని లేచి నిలబడింది. "ఇప్పుడు ఇక్కడ రాసింది ఇదండీ. ఉన్నది ఉన్నట్టు చదువుతున్నా," అంది. చదివింది. "సభకు హాజరైన మత్స్యకారులు రెండో ప్రయోగానికి హర్షం వెలిబుచ్చుతూ సమ్మతి తెలిపారు. మృతుడు కంపెనీ ఆస్తిని అనుమతి లేకుండా తాకినందువల్ల ప్రమాదం జరిగిందని గుర్తించారు. ప్రమాద ప్రాంతాన్ని విస్తరించి, ప్రయోగ కాలంలో వేటను నిలిపివేయడానికి అంగీకరించారు. ఒక మహిళ భావోద్వేగానికి లోనయ్యారు."

జయకృష్ణ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు.

"ఏంటీ?" అన్నాడు నాగబాబు. "ఇంకోసారి చదవండమ్మా."

ఇంకోసారి చదివింది. నిదానంగా.

"వేట ఆపడానికి నేనెప్పుడు ఒప్పుకున్నాను?" నాగబాబు గొంతు లేచింది. "పోలరాజు దొంగతనం చేసినట్టు రాశారేంటండీ! ఆడి వల్లో పడితే ఆడు తీసుకోకూడదా? ఐసు ఇస్తానని మా కడుపు మీద కొడతారా?"

చైర్మన్ ఏమంటున్నారని అడిగాడు. సుధామణి ఇంగ్లీషులో చెప్పింది, ఐసుతో సహా. ఆయన ఎర్రబడ్డాడు, కోపంతోనో సిగ్గుతోనో, కెమెరా వైపు ఓసారి చూశాడు, దాని మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఆమోదించేవారు చేతులెత్తండి, అన్నాడు. సుధామణి తెలుగులో అంది. ఒక్క చెయ్యి లేవలేదు. ఒళ్ళో పెట్టుకున్న చేతులు, ఉప్పుకి పగిలిన చేతులు, అలాగే ఉన్నాయి. డైరెక్టరు లేచి ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. చైర్మన్ నీరసంగా చెప్పాడు, సభ వాయిదా, మళ్ళీ చినదిబ్బపాలెంలోనే జరపాలి, అంతవరకూ ప్రయోగానికి అనుమతి లేదు.

జయకృష్ణ మైకు తీగ చుడుతూ తలెత్తకుండానే అన్నాడు. "మీకేం వచ్చింది మేడమ్ దీనివల్ల? మళ్ళీ మిమ్మల్ని ఎవరు పిలుస్తారనుకుంటున్నారు?" అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టుంది. అది చూసి రోత కూడా పుట్టలేదు, అలసట వచ్చింది, ఎండలో నడిచొచ్చినట్టు.

కొండలమ్మ కుర్చీల మధ్యనుంచి వచ్చి ఎదురుగా నిలబడింది. "వాయిదా అంటే ఏందమ్మాయ్?"

"ఇప్పటికి కాదని, అక్కా."

"ఎప్పుడో ఒకప్పుడు ఎగరేస్తారుగా?"

అబద్ధం చెప్పొచ్చు. ఈ హాల్లో పొద్దుటినుంచీ ఎన్ని చెప్పలేదు కనుక. "ఎగరేస్తారక్కా," అంది సుధామణి. "మళ్ళీ వస్తారు. ఈసారి మీ ఊరికే వస్తారు."

కొండలమ్మ తల ఊపింది. ఆ సంగతి ముందే తెలిసినట్టు. చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

"అయితే నువ్వు రా."

"నన్ను పిలవరక్కా వాళ్ళు."

"వాళ్ళతో ఏం పని?" అంది కొండలమ్మ. "నేను పిలుస్తన్నాగా."